తుమ్ములు ఆగాలి, బుర్ర ఆగకూడదు: అలర్జీ మాత్రల ఎంపిక మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? సరే.

ఇవాళ నన్ను మాట్లాడమన్న వస్తువు పది మిల్లీగ్రాముల మందు. ఇంతకన్నా చిన్న విషయం మీద నేనెప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. (నవ్వులు) అలర్జీ మాత్ర. తుమ్ములకో, ముక్కు కారుతుంటేనో, కళ్ళు దురద పెడితేనో, ఒంటి మీద దద్దుర్లు లేస్తేనో మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వేసుకున్నదే. బీపీ మాత్ర గురించి పదిమందిని అడుగుతాం, దీని గురించి ఎవరినీ అడగం. మందుల షాపులో "నిద్ర రానిది ఇవ్వండి" అంటాం, ఇచ్చింది జేబులో వేసుకుంటాం.

ఆ "నిద్ర రానిది" దగ్గరే నా పేచీ. మాత్ర వేసుకున్నాక ఆవలింత రాలేదు కాబట్టి మందు మెదడును తాకలేదు అనుకుంటాం. అలా అనుకోవడానికి వీల్లేదు. నిద్ర రావడం వేరు, చురుకు తగ్గడం వేరు. మొదటిది మనకు తెలుస్తుంది, రెండోది చాలాసార్లు తెలియదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

అసలు తుమ్ములకు వేసుకున్న మందుకు నిద్ర ఎందుకు రావాలి? ముక్కెక్కడ, మెదడెక్కడ?

హిస్టమిన్ అనే రసాయనం పేరు మీరు వినే ఉంటారు. శరీరంలో మాస్ట్ కణాలని ఉంటాయి. ముక్కు లోపలి పొరలో, కళ్ళలో, చర్మంలో, పేగుల్లో కాపలా కాస్తుంటాయి. అలర్జీ ఉన్న మనిషికి పుప్పొడో, ఇంటి దుమ్ములోని మైట్ పురుగుల వ్యర్థమో, పిల్లి ఒంటి పొట్టో తగిలితే ఆ కణాలు తమలో దాచుకున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. అది వెళ్ళి హెచ్1 అనే గ్రాహకాలకు, అంటే కణాల మీద దాన్ని పట్టుకునే కొక్కేల్లాంటి వాటికి, అతుక్కుంటుంది. నరాల చివర అతుక్కుంటే దురద, తుమ్ము. సన్న రక్తనాళాల మీద అతుక్కుంటే అవి వెడల్పయి, గోడలు వదులై, నీరు బయటికి ఊరుతుంది. చర్మం మీద దద్దురు అంటే అదే. ముక్కులో అయితే ధార.

ఇదే హిస్టమిన్‌కు మెదడులో ఇంకో ఉద్యోగం ఉంది. హైపోథాలమస్ అనే భాగంలో వెనక వైపు ఒక చిన్న నాడీకణాల గుంపు ఉంటుంది. మనం మేలుకుని ఉన్నంతసేపూ అవి హిస్టమిన్‌ను మెదడంతా పంచుతూనే ఉంటాయి. నిద్రలోకి జారామంటే అవీ నోరు మూసుకుంటాయి. అంటే ముక్కులో మనల్ని ఏడిపించే రసాయనమే మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతోంది. అక్కడ కూడా పని చేసేది అదే హెచ్1 గ్రాహకం ద్వారా. ముక్కులో దాన్ని ఆపే మందు రక్తంలో తిరుగుతూ మెదడులోకీ వెళ్ళిందనుకోండి, అక్కడా ఆపుతుంది. కాబట్టి ఆ మత్తు పొరపాటున వచ్చిన దుష్ప్రభావం కాదు. మందు తన పని తను చేస్తోంది, కాకపోతే చేయకూడని చోట చేస్తోంది.

కొంచెం చరిత్రలోకి వెళ్దాం, ఎక్కువసేపు ఉండను. 1910 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా హిస్టమిన్ శరీరంలో ఏం చేస్తుందో వివరించారు. 1937లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ దానికి అడ్డుపడే మొదటి పదార్థాన్ని పట్టుకున్నారు. అది మనుషులకు ఇవ్వలేనంత విషం. మనుషులకు ఇవ్వదగ్గ మందు 1942లో వచ్చింది. 1957లో బోవేకు నోబెల్ వచ్చింది. 1940లలోనే డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, క్లోర్‌ఫెనిరమైన్ వరసకట్టాయి. వీటిని మొదటి తరం అంటాం.

ఈ మొదటి తరం మెదడులోకి ఎంత సులువుగా వెళ్తుందో చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ప్రోమెథజిన్ వంటి అణువులను అటూ ఇటూ మారుస్తూ పోతుంటే 1950లో క్లోర్‌ప్రోమజిన్ తయారైంది. అది తీవ్రమైన మానసిక వ్యాధులకు వాడిన తొలి మందుల్లో ఒకటి. తుమ్ముల మందు చుట్టం వెళ్ళి మానసిక వైద్యశాలలో ఉద్యోగం సంపాదించిందన్నమాట. ఇక డైఫెన్‌హైడ్రమిన్ సంగతి చూడండి. కొన్ని దేశాల్లో ఒక పెట్టెలో అలర్జీ మాత్రగా, పక్క పెట్టెలో నిద్రమాత్రగా అమ్ముతారు. లోపల ఉన్నది ఒకటే.

దీని తర్వాత రెండో తరం, సెటిరిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి. ఇక్కడ చేసిన పని తెలివైనది. మెదడు రక్తనాళాలకు ఒక కట్టుదిట్టమైన గోడ ఉంటుంది. కొవ్వులో తేలిగ్గా కరిగే అణువు ఆ గోడలోంచి జారిపోతుంది. అలా జారిపోలేని అణువును తయారుచేయడం ఒక ఎత్తు. పి-గ్లైకోప్రోటీన్ అనే పంపుకు దొరికిపోయే అణువును తయారుచేయడం ఇంకో ఎత్తు. ఈ పంపు గడప దగ్గర కూర్చున్న మొండి కాపలావాడి లాంటిది. లోపల కాలు పెట్టినవాణ్ణి పెట్టినట్టే మెడపట్టి బయటికి నెడుతుంది. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు పోకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. మొదటి తరం మందుల మీద ఈ కాపలావాడి జోరు అంతగా సాగదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మందు మెదడులోకి వెళ్ళిందో లేదో మనిషిని అడిగి తెలుసుకోనక్కర్లేదు, ఫొటో తీసి చూడొచ్చు. జపాన్‌లో తోహోకు విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ పని ఏళ్ళ తరబడి చేశారు. రేడియోధార్మికత తగిలించిన ఒక పదార్థాన్ని ఎక్కించి, పెట్ స్కాన్‌లో మెదడులోని హెచ్1 గ్రాహకాల్లో ఎన్నింటిని మందు ఆక్రమించిందో కొలిచారు. మొదటి తరం మందులు మామూలు మోతాదులోనే సగానికి అటూ ఇటుగా ఆక్రమించేస్తాయి. సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు సుమారు 12, 13 శాతం. అదే 20 మిల్లీగ్రాములు వేస్తే 25 శాతం దాకా. ఫెక్సోఫెనడిన్ 120 మిల్లీగ్రాములు వేసినా ఇంచుమించు సున్నా. బిలాస్టిన్ కూడా దాదాపు అదే వరస. 20 శాతం లోపు ఉంటే మత్తు లేనిది, 20 నుంచి 50 మధ్య తక్కువ మత్తుది, ఆ పైన మత్తుది అని ఒక వర్గీకరణ చేశారు.

సెటిరిజిన్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక మాత్రకు ఆ 20 శాతం గీత ఇవతల ఉంది, రెండు మాత్రలకు గీత దాటింది. "ఒకటి వేస్తే తగ్గలేదు, ఇంకోటి వేశా" అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెట్టె మీద రాత ఒక మాత్ర గురించే.

మరి స్కాన్ సరే, మనుషులు ఏమన్నారు? అమెరికాలో అనుమతి కోసం జరిపిన పరీక్షల్లో సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో సుమారు 14 శాతం మంది మగతగా ఉందన్నారు. పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 6 శాతం మంది అదే మాట అన్నారు. లోరటడిన్‌కు 8 శాతం, దాని పక్కన ఉత్తుత్తి మాత్రకు 6. ఫెక్సోఫెనడిన్‌కు 1.3 శాతం, ఉత్తుత్తి దానికి 0.9. వేర్వేరు పరీక్షల అంకెలివి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పందెం కాయకూడదు. కానీ వరస మాత్రం స్కాన్‌తో సరిపోతోంది. ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఒక చివర. లోరటడిన్, డెస్‌లోరటడిన్ వాటికి దగ్గరగా. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ కొంచెం ఎడంగా. ఆ తర్వాత చాలా దూరంలో క్లోర్‌ఫెనిరమైన్ బృందం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ప్రయోగం. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో చేశారు, 2000లో ప్రచురించారు. అచ్చం కారులో కూర్చున్నట్టే ఉండే డ్రైవింగ్ సిమ్యులేటర్. 40 మందిని తీసుకున్నారు, అందరికీ పుప్పొడి అలర్జీ ఉంది. ఒక్కొక్కరితో నాలుగు విడతలు నడిపించారు. ఒకసారి ఫెక్సోఫెనడిన్ 60 మిల్లీగ్రాములు, ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్ 50, ఒకసారి తాగి నడిపితే పట్టుకునేంత మద్యం, ఒకసారి ఏ మందూ లేని మాత్ర. పరీక్ష ఏమిటంటే, ముందు పోతున్న కారు వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. వెనకున్నవాళ్ళు దానికి తగ్గట్టు తమ వేగం మార్చుకుంటూ అదే దూరంలో పోవాలి. మధ్యలో అకస్మాత్తుగా అడ్డం వచ్చే బండి ఒకటి.

ఫెక్సోఫెనడిన్ వేసుకున్న రోజు వాళ్ళు ఉత్తుత్తి మాత్ర రోజు ఎలా నడిపారో అలాగే నడిపారు. డైఫెన్‌హైడ్రమిన్ రోజున ముందు కారును అనుసరించడంలో అందరికన్నా అధ్వాన్నం. మద్యం పుచ్చుకున్న రోజు కన్నా కూడా! (సభలో కలకలం) అవును, ఒక అలర్జీ మాత్ర. కానీ నన్ను ఆకట్టుకున్నది అది కాదు. "మీకు ఎంత మగతగా ఉంది?" అని వాళ్ళనే అడిగారు. ఆ జవాబులకూ, డ్రైవింగ్ ఎంత చెడిందన్న దానికీ పొంతన సరిగా కుదరలేదు. "నాకేం కాలేదు, బాగానే ఉన్నాను" అన్నవాళ్ళ చేతుల్లో కూడా బండి తేడాగానే పోయింది. మన మగతకు మనం మంచి సాక్షులం కాదు. అందుకే "నాకు అలవాటైపోయింది, క్లోర్‌ఫెనిరమైన్ వేసుకుని కూడా బండి నడిపేస్తా" అనేవాళ్ళ మాట నేను నమ్మను.

విమానాలు నడిపేవాళ్ళ నియమాలు చూసినా ఇదే పద్ధతి కనిపిస్తుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకు ఫెక్సోఫెనడిన్, లోరటడిన్, డెస్‌లోరటడిన్ వాడుకోవచ్చంటుంది, అవి తమకు పడుతున్నాయని ముందు చూసుకున్నాక. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ వేసుకుని కాక్‌పిట్ ఎక్కకూడదంటుంది. మన పని లారీ నడపడమైనా, నిచ్చెన ఎక్కడమైనా, కోత యంత్రం దగ్గర నిలబడడమైనా, ఆ జాబితా మనకూ పనికొస్తుంది.

సభలో ఒకరు: మా అబ్బాయికి పరీక్షలప్పుడే తుమ్ములు. మందు వేస్తే మత్తు, వేయకపోతే ముక్కు.

మంచి ప్రశ్న అమ్మా. బ్రిటన్‌లో ఈ విషయాన్నే చూశారు. 15 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 1800 మందికి పైగా. వాళ్ళకు అసలు పరీక్షలు పుప్పొడి కాలంలోనే వస్తాయి, నమూనా పరీక్షలు చలికాలంలో. అసలు పరీక్షలో ఏదో ఒక సబ్జెక్టులో గ్రేడు పడిపోయే అవకాశం అలర్జీ లక్షణాలున్న పిల్లల్లో సుమారు 40 శాతం ఎక్కువ. మత్తు మందు వాడుతున్న పిల్లల్లో 70 శాతం ఎక్కువ. ఇందులో రెండు మాటలున్నాయి. మత్తు మందు వేయకండి అన్నది ఒకటి. మందే వేయకుండా ఊరుకోవడం కూడా పరిష్కారం కాదన్నది రెండోది. ముక్కు మూసుకుపోయి రాత్రంతా దొర్లిన పిల్లవాడు పొద్దున్నే ఏం చదువుతాడు? మత్తు ఇవ్వని మందును డాక్టరును అడిగి పరీక్షలకు కొన్ని వారాల ముందే మొదలుపెట్టండి. మరో సంగతి, మొదటి తరం మందు కొందరు పిల్లల్లో మత్తుకు బదులు చిరాకు, గంతులు తెస్తుంది. పెద్దవాళ్ళ మాత్రను విరిచి సగం పెట్టడం మాత్రం వద్దు. పిల్లల మోతాదు వయసును బట్టి, బరువును బట్టి ఉంటుంది.

ఇక ఎంపిక. నేను ఫలానాది కొనండి అని చెప్పను. మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు చెప్తాను.

మొట్టమొదట, మీ బాధ అలర్జీయేనా? జలుబుకు కూడా ముక్కు కారుతుంది. ఒళ్ళు నొప్పులు, గొంతునొప్పి, జ్వరం ఉండి, వారం పది రోజుల్లో పోయేది జలుబు. దురద, గొలుసుకట్టు తుమ్ములు, నీళ్ళలాంటి స్రావం, ప్రతిసారీ అదే చోటో అదే కాలంలోనో వచ్చేది అలర్జీ. జలుబులో హిస్టమిన్ పాత్ర తక్కువ. కాబట్టి రెండో తరం మందు జలుబుకు పెద్దగా ఏం చేయదు. "కొత్త మందు పనిచేయలేదు, పాతదే నయం" అని జలుబప్పుడు అనుకుంటారు. పాత మందుకు హిస్టమిన్‌తో సంబంధం లేని ఇంకో గుణం ఉంది, ఒంట్లో తడిని ఎండగట్టడం. ముక్కు ఆరుతుంది నిజమే. దాంతోపాటు నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, ప్రోస్టేట్ ఉబ్బిన పెద్దాయనకు మూత్రం ఆగిపోతుంది. కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవాళ్ళకు కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. 65 దాటినవాళ్ళల్లో తికమక, తూలి పడిపోవడం. అందుకే ఆ వయసువాళ్ళకు మొదటి తరం మందులు వీలైనంతవరకు ఇవ్వొద్దని వృద్ధుల వైద్య నిపుణులు గట్టిగా చెప్తారు.

రెండోది, మీకు ఎక్కువ బాధ దేనితో? తుమ్ము, దురద, ధార అయితే మాత్ర బాగా పనిచేస్తుంది. ముక్కు దిబ్బడ అయితే ఈ మాత్రల్లో ఏదీ గొప్పగా పనిచేయదు. దిబ్బడ అనేది లోపలి పొర వాపు. దానికి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఫ్లుటికసోన్, మొమెటసోన్ లాంటివి, మాత్రల కన్నా మేలు. అవి రక్తంలోకి పోయేది చాలా తక్కువ, మగత ఉండదు. కాకపోతే ఓపిక కావాలి, పూర్తి ఫలితానికి కొన్ని రోజుల నుంచి వారం పది రోజులు పడుతుంది. కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా అదే వైపు కన్ను ఉన్న దిక్కుకు చూపించి కొట్టాలి. గోడకు కొడితే రక్తం కారుతుంది, "నాకు పడలేదు" అని మానేస్తారు. వెంటనే తెరుచుకోవాలని జైలోమెటజోలిన్ చుక్కలు వారాల తరబడి వేసుకునేవాళ్ళున్నారు. మూడు నాలుగు రోజులు దాటితే ఆ చుక్కలే దిబ్బడకు కారణమవుతాయి.

కళ్ళు మాత్రమే దురదైతే ఓలోపటడిన్ లాంటి కంటి చుక్కలు చాలు, ఒళ్ళంతా మందు ఎందుకు?

మూడోది, మూత్రపిండాలు, కాలేయం. సెటిరిజిన్‌లో ఎక్కువ భాగం, దాదాపు 70 శాతం, మూత్రంలోనే పోతుంది. కిడ్నీ మందగించినవాళ్ళలో అది ఒంట్లోనే పేరుకుంటుంది. అప్పుడు పది మిల్లీగ్రాములు ఇరవైలా ప్రవర్తిస్తుంది. ఇందాక చెప్పిన గీత గుర్తుందా? అక్కడికి చేరుతుంది. వాళ్ళకు సాధారణంగా మోతాదు సగం చేస్తారు. ఫెక్సోఫెనడిన్‌కు కూడా కిడ్నీ జబ్బులో మోతాదు తగ్గిస్తారు. లోరటడిన్ కాలేయంలో మారుతుంది, కాలేయ జబ్బు ముదిరినవాళ్ళకు రోజు విడిచి రోజు ఇస్తారు.

నాలుగోది, దేంతో వేసుకుంటున్నారు? ఫెక్సోఫెనడిన్ ఇక్కడ కాస్త మొండిది. పండ్ల రసంతో వేసుకుంటే, గ్రేప్‌ఫ్రూట్, నారింజ, ఆపిల్ ఏదైనా, ఒంటికి పట్టే మందు మూడో వంతుకు పైగా తగ్గిపోవచ్చు. పేగులో మందును లోపలికి తీసుకునే రవాణాదారును రసం అడ్డుకుంటుంది. ఆరోగ్యానికి మంచిదని పొద్దున్నే గ్లాసు రసంతో మింగి, "ఈ మందు నా మీద పనిచేయదు" అని తీర్పు చెప్పేస్తారు. మంచినీళ్ళతో వేసుకోండి. గ్యాస్‌కు వాడే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న మందును దీనితో కలిపి వేసుకుంటే సుమారు 40 శాతం తగ్గుతుంది, మధ్యలో రెండు గంటలు ఎడం పెట్టండి. బిలాస్టిన్ ఇంకా పట్టింపు మనిషి. తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. సెటిరిజిన్, లోరటడిన్‌లకు ఈ గొడవలేవీ లేవు. మీది వేళాపాళా లేని తిండి అయితే ఇది చిన్న విషయం కాదు.

ఐదోది, వేగం. సెటిరిజిన్ గంటలోపు, అటూ ఇటుగా, పని మొదలుపెడుతుంది. చాలామందికి గట్టిగా కూడా పట్టుకుంటుంది. లోరటడిన్ కాస్త నెమ్మది. రాత్రిళ్ళు దద్దుర్లు, పగలు ఫర్వాలేదు అనేవాళ్ళు సెటిరిజిన్‌ను రాత్రి పడుకునేముందు వేసుకుంటే బలమూ దక్కుతుంది, ఉన్న కొద్ది మగతా నిద్రలో కలిసిపోతుంది. నేను దాని మీద కత్తి కట్టానని అనుకోకండి. మనిషికి తగ్గ మందు అన్నదే నా మాట.

ఇప్పుడు నా చేతిలో ఒక మాత్రల షీటు ఉంది. ముందు వరసవాళ్ళు చూడొచ్చు. ముందు వైపు పెద్ద అక్షరాలతో పేరు, నీలిరంగు. తిప్పండి. వెండి రేకు మీద చీమ తలకాయంత అక్షరాలు. వెలుతురుకు కొంచెం వంచితే గానీ కనపడవు. మొదటి వరసలో పారాసెటమాల్. రెండో వరసలో ఫినైలెఫ్రిన్. మూడో వరసలో, చదవండి సార్ మీరు. అవును, క్లోర్‌ఫెనిరమైన్ మాలియేట్ 2 మిల్లీగ్రాములు. ఇది "జలుబు మాత్ర". పొద్దున నిద్ర రాని అలర్జీ మాత్ర జాగ్రత్తగా ఎంచుకుని వేసుకున్న మనిషే మధ్యాహ్నం ఇది వేసుకుని బండెక్కుతాడు. క్లోర్‌ఫెనిరమైన్ ఒంట్లోంచి సగం తగ్గడానికే పెద్దవాళ్ళలో 20 గంటల పైన పట్టొచ్చు. రాత్రి వేసుకున్నది మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది. దగ్గు సిరప్పుల్లోనూ వీటి చుట్టాలుంటారు. పేరు కాదు, వెనక రేకు చదవండి.

ఆ రెండో వరస గురించి కూడా ఒక మాట. నోటి ద్వారా వేసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. సూడోఎఫెడ్రిన్ పనిచేస్తుంది గానీ గుండె దడ, బీపీ, నిద్ర పట్టకపోవడం తెస్తుంది. ఒక మాత్రకు నిద్ర ఎక్కువై, ఒక మాత్రకు నిద్ర కరువై!

మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు కూడా విరివిగా రాస్తున్నారు. అది హిస్టమిన్‌ను ఆపేది కాదు, వేరే రకం మందు. 2020లో ఎఫ్‌డీఏ దాని మీద మానసిక దుష్ప్రభావాల గురించి తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు. ఉబ్బసం లేని మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు చాలనప్పుడే వాడమంది. జంట మాత్ర మీకు ఎందుకు రాశారో అడిగే హక్కు మీకుంది.

సభలో ఒకరు: ఇవి గుండెకు మంచివి కావని ఎక్కడో చదివాను సార్.

చదివింది పూర్తిగా అబద్ధం కాదు. నిద్ర రాని మందుల్లో మొదట పేరు తెచ్చుకున్నది టెర్ఫెనడిన్. అమెరికాలో 1985లో వచ్చింది, విపరీతంగా అమ్ముడైంది. 1990లో ఒక కేసు ప్రచురితమైంది. 39 ఏళ్ళ ఆవిడ, టెర్ఫెనడిన్‌తో పాటు కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు వేసుకుంటోంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పింది. తవ్వితే తెలిసిందేమిటంటే, మింగిన టెర్ఫెనడిన్‌ను కాలేయం దాదాపు మొత్తంగా ఇంకో పదార్థంగా మార్చేస్తుంది. అలర్జీని ఆపేది ఆ మారిన పదార్థమే. కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ లాంటివి కాలేయంలో ఆ మార్పును అడ్డుకుంటే, మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుని గుండె కండరంలోని పొటాషియం మార్గాలను మూసేస్తుంది. మరి ఆ మారిన పదార్థాన్నే నేరుగా ఇస్తే? అదే ఫెక్సోఫెనడిన్. 1996లో దానికి అనుమతి వచ్చింది, 1998 నాటికి టెర్ఫెనడిన్ అమెరికా మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది. ఆస్టెమిజోల్ అనే ఇంకోటి కూడా ఇదే కారణంతో 1999లో పోయింది. ఇప్పుడు మామూలుగా వాడే సెటిరిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్‌లకు చెప్పిన మోతాదులో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. ఎబాస్టిన్, రుపటడిన్ అనే ఇంకో రెండు అలర్జీ మందులు కాలేయం మీద ఆధారపడతాయి కాబట్టి, గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు, ఫంగస్ మందు గానీ ఎరిత్రోమైసిన్ రకం యాంటీబయాటిక్ గానీ వాడుతున్నవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి.

సభలో ఒకరు: రోజూ వేసుకుంటే అలవాటు పడిపోతామా?

వ్యసనం కాదు. తుమ్ములు మొదలయ్యాక వేసుకోవడం కన్నా, ఆ కాలంలో రోజూ వేసుకోవడమే మేలు. అప్పటికే గ్రాహకానికి అతుక్కున్న హిస్టమిన్ తన పని చేసేసింది, దాన్ని వెనక్కి పిలవలేం. మందు ముందే వెళ్ళి కూర్చుంటే తర్వాత వచ్చేదానికి చోటుండదు. ఒకటి మాత్రం చెప్పాలి. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపినవాళ్ళలో కొద్దిమందికి కొన్ని రోజుల్లో ఒళ్ళంతా విపరీతమైన దురద వచ్చిందని ఎఫ్‌డీఏ 2025 మే నెలలో హెచ్చరించింది. అరుదే. అలా వస్తే కంగారు పడి కొత్త జబ్బనుకోకుండా డాక్టరుకు మందు ఆపిన సంగతి చెప్పండి. మెల్లగా తగ్గిస్తూ ఆపే మార్గం ఉంది.

సభలో ఒకరు: గర్భిణులు?

సాధారణంగా లోరటడిన్, సెటిరిజిన్ వైపు మొగ్గుతారు, వాటి మీద ఎక్కువ కాలం అనుభవం ఉంది కాబట్టి. కానీ ఆ నిర్ణయం చూస్తున్న డాక్టరుది. సొంతంగా వద్దు.

ఇంకో మాట, ఎవరూ అడగకపోయినా చెప్పాలి. తేనెటీగ కుట్టాకో, ఏదైనా తిన్నాకో, మందు పడకో, నాలుక వాచి, ఊపిరి అందక, కళ్ళు తిరుగుతుంటే అది ఈ మాత్రల వ్యవహారం కాదు. అక్కడ ప్రాణం కాపాడేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. "ముందు ఒక సెటిరిజిన్ వేసి చూద్దాం" అని అరగంట పోగొట్టుకోవద్దు. నేరుగా ఆసుపత్రికి.

సభలో ఒకరు: వచ్చే వారం అలర్జీ టెస్టు చేయించుకోమన్నారు. మాత్ర వేసుకోవచ్చా?

చర్మం మీద సూదితో గుచ్చి చూసే పరీక్ష అయితే వద్దు సార్. దద్దురు లేస్తుందా లేదా అన్నదే ఆ పరీక్ష. మాత్ర వేసుకుని వెళ్తే దద్దురు లేవదు, మీకు ఏ అలర్జీ లేదని రాసిస్తారు. మామూలుగా వారం ముందు ఆపమంటారు, మీ డాక్టరు చెప్పిన గడువు పాటించండి. జలుబు మాత్రలు, దగ్గు సిరప్పులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఆపక్కర్లేదు, ఈ వారం దానితో నెట్టుకురండి. అయితే స్ప్రేలో అజెలాస్టిన్ కలిసి ఉంటే, అదీ హిస్టమిన్‌ను ఆపే మందే కాబట్టి, అది కూడా ఆపాలి, సీసా వెనక చూడండి. రక్తం తీసి ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని చూసే పరీక్ష అయితే ఏదీ ఆపనక్కర్లేదు. మీకు రాసింది ఏ పరీక్షో చీటీ చూసి చెప్తాను, ఇటు ఇవ్వండి.